రెండు గోడల్నీ తాకిన చేతులు

స్త్రీల జీవిత చరిత్రలు రాసేటప్పుడు కొన్ని వాక్యాలు ముందే తయారై కూర్చుంటాయి. “బాధే ఆమెను కళాకారిణిని చేసింది” అనేది వాటిలో ఒకటి. ఫ్రీదా కాలో గురించి ఎవరు రాసినా 1925 నాటి బస్సు ప్రమాదం దగ్గర మొదలుపెడతారు. యయోయి కుసామా అంటే ఆమె భ్రాంతుల దగ్గర మొదలుపెడతారు. జర్మన్ చిత్రకారిణి, శిల్పి రెబెక్కా హార్న్ గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నాకూ ముందుగా ఎదురైనవి ఆమె ఊపిరితిత్తులే. ఆమె గీసిన గీతలూ, చేసిన శిల్పాలూ, తీసిన సినిమాలూ ఆ తర్వాతే వచ్చాయి. మగ కళాకారుడి జీవితంలో జబ్బు ఒక అధ్యాయం. స్త్రీ కళాకారుల విషయానికి వచ్చేసరికి అది పుట్టిల్లు అయిపోతుంది. ఆమె నేర్చుకున్నదీ, ఆలోచించినదీ, ఎంచుకున్నదీ అంతా ఆ ఒక్క జబ్బు ఖాతాలో పడిపోతుంది.

ఈ వాక్యంతో నాకు సొంత పేచీ ఉంది. అది చెప్పే ముందు హార్న్ ఎవరో చెప్పాలి. ఆమె 1944 మార్చి 24న జర్మనీలోని మిఖెల్‌స్టాట్‌లో పుట్టింది. 2024 సెప్టెంబరు 6న, ఎనభయ్యేళ్ల వయసులో చనిపోయింది. అరవయ్యేళ్ల కాలంలో ఆమె చేయని పని లేదు. ఒంటికి కట్టుకునే శిల్పాలు కుట్టింది, వాటితో ప్రదర్శనలు చేసింది, కదిలే యంత్రాలు తయారుచేసింది, సినిమాలు తీసింది, పెద్ద పెద్ద కాగితాల మీద బొమ్మలు వేసింది, కవితలు రాసింది. వీటన్నిటికీ వేరు మాత్రం ఒకటే. కొద్దిమంది ఎదుట, లేదా ఒక కెమెరా ఎదుట, ఒక శరీరం చేసిన ఒకటి రెండు కదలికలు. మన దగ్గర ప్రదర్శన అనగానే వేదిక, మేకప్, చప్పట్లు గుర్తొస్తాయి. హార్న్ తొలి రోజుల ప్రదర్శనలు అలాంటివి కావు. ఒక వస్తువు, దాన్ని తొడుక్కున్న మనిషి, ఆ మనిషి ఓపిక – ఇంతే.

ఇక ఆ ఊపిరితిత్తుల సంగతి. అరవైల్లో హార్న్ హాంబర్గ్ కళాశాలలో శిల్పం చదువుకుంటోంది. ఆ కాలంలో శిల్పులందరికీ పాలియెస్టర్, ఫైబర్‌గ్లాస్ అంటే మోజు. తేలికగా ఉంటాయి, ఏ రూపంలోకైనా ఒదుగుతాయి, చవక. ఇరవై ఏళ్ల వయసులో బార్సిలోనాలో ఉండగా ఆమె ముక్కుకు ఏ ముసుగూ లేకుండా వాటితో పనిచేసింది. అది ప్రమాదమని ఎవరూ చెప్పలేదని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. ఊపిరితిత్తులు విషపూరితమయ్యాయి. ఏడాది పాటు శానిటోరియంలో ఉండాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే తల్లీ తండ్రీ చనిపోయారు. చుట్టూ ఎవరూ లేరు.

దీన్ని నేను మరోలా చదువుతాను. ఇది పనిచేసే చోట తగిలిన దెబ్బ. వృత్తి వ్యాధి. మా బాపమ్మ కోరుట్లలో బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారపు ఉండ. వాకిట్లో వరసగా కూర్చుని అదే పని చేసే ఆడవాళ్లందరికీ ఒకే రకమైన దగ్గు ఉండేది. నిజామాబాదు నుంచి జగిత్యాల దాకా ఏ బీడీల వాడకు వెళ్లినా ఆ దగ్గు వినిపిస్తుంది. గుంటూరు వైపు పొగాకు గ్రేడింగులో పనిచేసే స్త్రీలకూ అది తెలుసు. వాళ్ల దగ్గు వాళ్లను కళాకారులను చేసిందని ఇంతవరకు ఎవరూ రాయలేదు. రాస్తే నవ్వుతాం. హార్న్ విషయంలో మాత్రం ఆ మాట గంభీరంగా ఎలా చలామణీ అవుతోంది? జబ్బు ఏమీ తయారుచేయదు. జబ్బు చేసిన మనిషి తయారుచేస్తుంది. అదీ అంతకుముందే చేతిలో పని ఉంటే. హార్న్ శానిటోరియంలోకి వెళ్లేటప్పటికే శిల్పి. బయటికి వచ్చేటప్పటికి ఆమె మార్చుకున్నది ముడిసరుకును. బరువులెత్తలేదు, రసాయనాలు ముట్టుకోలేదు. మంచం మీద పడుకునే చేయగలిగేవి రెండే రెండు – గీయడం, కుట్టడం. ఆ రెండూ చేసింది.

కుట్టుపని అనగానే మనం దాన్ని స్త్రీల కళ అని వెంటనే గుర్తుపడతాం. అది సరైన గుర్తింపే. కాకపోతే హార్న్ చేతిలో సూది ఒక ప్రకటనగా మొదలు కాలేదు. ఆ మంచం మీద ఆమెకు మిగిలిన పనిముట్టు అదే. అవసరం ఎంచిన పనిముట్టుతో ఆమె ఏం కుట్టిందన్నది అసలు ప్రశ్న. ఆమె దిండు గలీబులు కుట్టలేదు. శరీరానికి పొడిగింపులు కుట్టింది. 1968 నాటి ‘చేతుల పొడిగింపులు’లో ఒక మనిషి నిలబడి ఉంటుంది. ఒంటి చుట్టూ ఎర్రటి పట్టీలు కట్టు కట్టినట్టు అల్లుకుని ఉంటాయి. రెండు చేతులూ భుజాల నుంచి నేలదాకా దిగిన ఎర్రటి స్తంభాల్లో ఇరుక్కుని ఉంటాయి. చేతులు పొడవయ్యాయి, కానీ కదలవు. ఎక్కువ చేరుకుంటున్నట్టు కనిపిస్తూ నేలకు పాతుకుపోయిన శరీరం అది. ఆసుపత్రి మంచాన్ని ఎరిగిన వాళ్లకు ఆ బొమ్మ గురించి వివరించనక్కర్లేదు.

తర్వాత వచ్చిన ‘యూనికార్న్’ (1970–72) ఆమెకు పేరు తెచ్చింది. జర్మన్‌లో దాన్ని ఐన్‌హార్న్ అంటారు. అంటే ఒంటికొమ్ము. ఆమె ఇంటిపేరే కొమ్ము. ఒక యువతి దాదాపు నగ్నంగా, ఒంటి నిండా తెల్లటి పట్టీలతో, తలమీద నిటారుగా నిలబడిన పొడవాటి తెల్ల కొమ్ముతో, తెల్లవారుజామున పొలాల గుండా నడుస్తూ వెళుతుంది. ఆ నడిచింది హార్న్ కాదు, ఆమె ఎంచుకున్న మరో యువతి. కొమ్ము పడిపోకుండా ఉండాలంటే మెడ నిలిపి, అడుగు కొలిచి వేయాలి. తలమీద బిందె పెట్టుకుని గట్ల మీద నడిచిన ఆడవాళ్ల నడక మనకు తెలుసు కదా, సరిగ్గా అలాంటి నడక. ఆ చిత్రాన్ని చూసి కొందరు స్వేచ్ఛ అంటారు, కొందరు బందిఖానా అంటారు. నాకు ఆ రెండూ ఒకే పట్టీతో కట్టి ఉన్నట్టు కనిపిస్తాయి. ఇంకో సంగతి కూడా ఇక్కడే అడగాలి. తన ఆలోచనను మరో స్త్రీ ఒంటికి కట్టడంలో ఒక అధికారం ఉంది. నడిచిన ఆమెకు కొమ్ము బరువు, కట్టిన ఆమెకు పేరు. ఈ తేడాను స్త్రీవాద విమర్శ చూసీ చూడనట్టు వదిలేయకూడదు.

నా పేచీ సంగతికి వస్తాను. 2017లో, పీహెచ్‌డీ మూడో ఏట, నాకు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. క్షయ అన్నారు. వీపులోంచి సూది గుచ్చి నీరు తీశారు. ఆరు నెలల మందులు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మాత్రలు, తర్వాత తగ్గించారు. మూత్రం నారింజ రంగులో వచ్చేది. నాకు వచ్చిన రకం సాధారణంగా పక్కవాళ్లకు అంటుకోదని డాక్టరు స్పష్టంగా చెప్పాడు. అయినా హాస్టల్లో గది ఖాళీ చేయమన్నారు. కాగితం మీద రాసి ఇవ్వలేదు, నోటితోనే చెప్పారు. ఇంటికొస్తే అమ్మ ఏడ్చింది, తర్వాత కళ్లు తుడుచుకుని, “ఎవ్వలకు చెప్పకు బిడ్డా, రేపు సంబంధాలు రావు” అంది. నాకంటూ ఒక కంచం, ఒక గ్లాసు వేరుగా పెట్టింది. అమ్మది దుర్మార్గం కాదు. తనకు తెలిసిన జాగ్రత్త అది. నా మంచానికీ గుమ్మానికీ మధ్య ఆరు అడుగులుంటుంది. ఆ ఆరు అడుగుల్ని దాటి లోపలికి వచ్చే వాళ్లెవరు, గుమ్మంలోనే నిలబడి పలకరించే వాళ్లెవరు అన్నది ఆరు నెలలు లెక్కపెట్టుకున్నాను.

ఈ దేశంలో ఎడం అన్నది రోగాలతో పుట్టింది కాదు. వేరు గ్లాసు అనగానే మనకు గుర్తు రావలసిన చరిత్ర చాలా పెద్దది. హోటళ్లలో రెండు గ్లాసులు పెట్టిన ఊళ్లు మన ఊళ్లే. నా ఆరు నెలలు ముగిశాక నా గ్లాసు మళ్లీ అందరి గ్లాసుల్లో కలిసింది. కొందరి గ్లాసు తరాలు గడిచినా కలవలేదు. ఈ తేడా నాకు తెలుసు, ఆ రెంటినీ ఒకే తక్కెడలో పెట్టను. అయితే తాకకూడదన్న నియమం ఒక శరీరం మీద ఎలా పనిచేస్తుందో నా ఒంటి మీద కొంచెం తెలిశాక, హార్న్ 1972లో చేసిన ‘చేతివేళ్ల తొడుగులు’ నాకు మరో రకంగా కనిపించాయి.

ఆ తొడుగులు చూడండి. రెండు చేతులకూ పట్టీలతో బిగించిన నల్లటి వేళ్లు, నిలబడితే నేలకు అందేంత పొడవు. తేలికైనవి. వాటిని తొడుక్కుని హార్న్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ నేలమీది వస్తువుల్ని తాకుతుంది, గీరుతుంది, పైకెత్తుతుంది. వేలు కదిలిస్తే దాని చివర ఉన్న స్పర్శ తన వేలికి తెలుస్తుందని, అదే సమయంలో తాకుతున్న వస్తువుకు తాను దూరంగా ఉంటుందని ఆమె వివరించింది. నన్ను ఆపేసింది ఈ రెండో సగమే. తాకాలి, దూరంగానూ ఉండాలి. దూరాన్ని నిషేధంగా అనుభవించిన మనిషి దాన్నే ఒక ఇంద్రియంగా మార్చుకుంది. 2020లో కోవిడ్ వచ్చి ప్రపంచమంతా ఎడంగా నిలబడాల్సి వచ్చినప్పుడు చాలామందికి ఈ తొడుగులు కొత్తగా అర్థమై ఉంటాయి. అప్పటికి వాటి వయసు నలభై ఎనిమిదేళ్లు.

అదే ఏడాది చేసిన ‘పెన్సిల్ ముసుగు’ సాహిత్య విద్యార్థులంతా చూడాల్సిన శిల్పం. ముఖానికి కట్టుకునే పట్టీలు – అడ్డంగా ఆరు, నిలువుగా మూడు. అవి కలిసే ప్రతిచోటా ఒక పెన్సిల్, సుమారు అయిదు సెంటీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంటుంది. దాన్ని కట్టుకుని హార్న్ తెల్లటి గోడకు దగ్గరగా నిలబడి ముఖాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఊపుతూ ఉంటుంది. గోడమీద గీతలు పడతాయి. గీసే మనిషికి తాను గీస్తున్నది కనపడదు. రాయడం అంటే చెయ్యి చేసే పని అనుకుంటాం. ఇక్కడ ముఖం రాస్తోంది, మెడ రాస్తోంది, శ్వాస రాస్తోంది. చూడటానికి ఆ ముసుగు హింసాత్మకంగానే ఉంటుంది. ఎవరైనా దగ్గరికొస్తే గుచ్చుకుంటుంది. ముఖాన్ని కాపాడుకునే కంచె, ముఖంతో మాట్లాడే కలం – రెండూ ఒకటే అయిన వస్తువు అది. స్త్రీల రచన గురించి నేను క్లాసుల్లో చాలా సిద్ధాంతాలు చెప్పుకొచ్చాను. వాటిలో చాలా భాగం ఈ ముసుగులో ఉంది.

1972లోనే కాసెల్ నగరంలో జరిగిన అయిదో డాక్యుమెంటా ప్రదర్శనకు హరాల్డ్ జీమాన్ ఆమెను పిలిచాడు. అప్పుడామెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ తర్వాత 1974–75లో ‘బెర్లిన్ వ్యాయామాలు’ అని ఒక చిత్రం తీసింది. అందులో ఒక వ్యాయామం పేరు ‘రెండు చేతులతో ఒకేసారి గోడల్ని తాకడం’. తొడుగుల వేళ్లను ఈసారి గది వెడల్పుకు సరిపోయేలా చేసింది. గది మధ్యలో నడుస్తూ వెళుతుంటే రెండు చేతుల గోళ్లూ రెండు గోడల్నీ గీరుతూ పోతాయి. ఆ గీరిన చప్పుడే సంగీతం. స్త్రీకి సొంత గది కావాలని వర్జీనియా వుల్ఫ్ చెప్పిన మాట మనం ఎన్నో వ్యాసాల్లో చెప్పుకున్నాం. హార్న్ ఆ గది ఎంత వెడల్పో వేళ్లతో కొలిచింది. ఈ గది నాకు సరిపోతుందా అని అడిగే ముందు, నేను ఈ గదిని ఎంతమేరకు నింపగలను అని అడిగింది. ఆరు అడుగుల దూరాన్ని ఆరు నెలలు చూసినదాన్ని కాబట్టి అనుకుంటాను, ఆ చిన్న దృశ్యం నాకు ఆమె మిగతా పనులన్నిటికంటే దగ్గరగా అనిపిస్తుంది.

1976 నుంచి ఒక మార్పు మొదలవుతుంది. ‘చైనా వధువు’ అని ఒక నల్లటి ఆరుపలకల గది కట్టింది. ప్రేక్షకులు లోపలికి అడుగుపెడితే తలుపులు మెల్లగా మూసుకుంటాయి. చీకట్లో చైనా అమ్మాయిల గుసగుసలు వినిపిస్తాయి. కాసేపటికి తలుపులు తెరుచుకుంటాయి. ఇక్కడ ప్రదర్శన ఇచ్చేది కళాకారిణి కాదు, లోపల చిక్కుకున్న మనమే. ఆ పేరులో, ఆ భాష తెలియని ప్రేక్షకులకు వినిపించిన ఆ గొంతుల్లో యూరపుకున్న పాత ‘తూర్పు’ మోజు ఉందని నాకు అనిపిస్తుంది. కానీ యంత్రం మనిషి స్థానంలోకి రావడం మొదలైంది ఇక్కడే. తర్వాత సినిమాలు వచ్చాయి – 1978లో ‘డెర్ ఐన్‌టాన్సర్’, 1981లో ‘లా ఫెర్దినాందా’, 1990లో ‘బస్టర్స్ బెడ్‌రూమ్’. సినిమాల్లోని వస్తువులు బయటికొచ్చి శిల్పాలయ్యాయి. ఈకల విసనకర్రలు, నెమలిలా పురివిప్పే యంత్రం, రంగు చిమ్మే యంత్రాలు. 1988 నాటి ‘ప్రష్యన్ వధువు యంత్రం’ ప్రష్యన్ నీలాన్ని పెళ్లి చెప్పుల మీద చిమ్ముతుంది. పెళ్లి గురించి అంత క్లుప్తంగా, అంత కొంటెగా చెప్పిన విమర్శ నేనింకెక్కడా చూడలేదు.

‘అరాచకం కోసం కచేరీ’ (1990) ఆమె యంత్రాల్లో బాగా పేరున్నది. పైకప్పు నుంచి తలకిందులుగా వేలాడే పెద్ద పియానో. కొన్ని నిమిషాలు నిశ్శబ్దంగా ఉంటుంది. ఉన్నట్టుండి మెట్లన్నీ పళ్లు ఊడిపడినట్టు బయటికి పొడుచుకొస్తాయి, మూత తెరుచుకుంటుంది, గదంతా అపశ్రుతి. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్కటిగా, అన్నీ లోపలికి సర్దుకుంటాయి. ఎన్నో ఏళ్లు పెరట్లో మౌనంగా అంట్లు తోమి ఒకరోజు గిన్నెలన్నీ నేలకేసి కొట్టి, మళ్లీ ఏరి సర్దిపెట్టిన ఆడవాళ్లను మనమంతా చూశాం. ఆ పియానో నాకు బాగా తెలిసిన మనిషిలా ఉంటుంది. తన యంత్రాలకు అలసట ఉంటుందని, అవి ఊపిరి తీసుకుంటాయని హార్న్ అనేది. పని చేసి, ఆగి, మళ్లీ పని చేస్తాయి. విరామం వాటి పనిలో భాగం.

ఇక్కడే విమర్శకుల లెక్క ఒకటి నాకు అడ్డం వస్తుంది. వాళ్ల ప్రకారం హార్న్ జీవితం ఒక నిచ్చెన. కింది మెట్టు ప్రదర్శనలు, పై మెట్టు యంత్రాలు, ఆపైన పెద్ద పెద్ద స్థల శిల్పాలు. శరీరం తొలిదశ, వస్తువు పరిణతి. 1986లో డాక్యుమెంటా బహుమతి, 1988లో కార్నెగీ బహుమతి, 1993లో న్యూయార్క్ గుగెన్‌హైమ్‌లో ప్రదర్శన, 2010లో జపాన్ వారి ప్రీమియమ్ ఇంపీరియలే – ఈ గుర్తింపులన్నీ ఆ నిచ్చెన ఎక్కినందుకు వచ్చాయన్నట్టు చెబుతారు. మాయమైపోయేదానికంటే నిలిచి ఉండేది గొప్పదన్న నమ్మకం ఈ లెక్క వెనక ఉంది. మ్యూజియంలో పెట్టుకోగలిగినదే కళ. కొనగలిగినదే కళ.

నా పరిశోధన బతుకమ్మ పాటల మీద, నాట్ల పాటల మీద. ఈ నిచ్చెన నాకు కొత్తది కాదు. ఒక సెమినార్లో నా పత్రం విన్న ఒక పెద్దాయన, “ఇదంతా ప్రదర్శన అమ్మా, ఇందులో పాఠం ఎక్కడుంది?” అని అడిగాడు. అచ్చయిన సంకలనాల్లో బతుకమ్మ పాట చరణాలుగా ఉంటుంది. ప్రతి పాదం చివరా ‘ఉయ్యాలో’ అన్న వంత కూడా అచ్చవుతుంది, ఒక్కోసారి చోటు కలిసిరాక దాన్నీ తీసేస్తారు. వలయంగా తిరగడం, వంగడం, లేవడం, చప్పట్లు, ఆయాసంతో పాట తెగితే పక్కామె అందుకోవడం – ఇవేవీ అచ్చులోకి రావు. నాటు వేసే ఆమె వంగిన నడుం పాటలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నిర్ణయిస్తుంది. ఆ ఊపిరే ఛందస్సు. పాట కాగితం మీదికి ఎక్కాక దాన్ని సాహిత్యం అంటాం, ఒంట్లో ఉన్నంతకాలం దాన్ని సాహిత్యానికి ముడిసరుకు అంటాం. హార్న్ తొలి ప్రదర్శనల్ని ఆమె ‘అసలు’ శిల్పాలకు ముడిసరుకుగా చూసే చూపు, నాట్లేసే ఆమె పాటను కావ్యానికి ముడిసరుకుగా చూసే చూపు, రెండూ ఒకటే.

హార్న్ పని ఈ నిచ్చెనను ఒప్పుకోదు. 1987లో ఆమె మ్యూన్‌స్టర్‌లో చేసిన శిల్పాన్ని తీసుకుందాం. అక్కడ జ్వింగర్ అని ఒక పాత గుండ్రటి బురుజు ఉంది. నాజీల కాలంలో గెస్టాపో అక్కడ ఖైదీల్ని బంధించి చంపింది. ఆ శిథిలంలో హార్న్ మనిషి బొమ్మ ఏదీ పెట్టలేదు. గోడల్ని తడుతూ ఉండే చిన్న చిన్న సుత్తుల్ని పెట్టింది. పైనుంచి నీటిచుక్క ఒక్కొక్కటే కింది నీళ్లలో పడుతుంది. 1997 నుంచి అది అక్కడ శాశ్వతంగా ఉంది. ఆ సుత్తులు గోడల్ని ఎలా తడతాయో ఒకసారి ఊహించండి. బెర్లిన్ గదిలో గోడల్ని గీరిన వేళ్లే అవి. లోపల ఉన్నవాళ్లు బయటివాళ్లకు తెలియజేయడానికి గోడను తట్టినట్టు. శరీరం వెళ్లిపోలేదు. చంపబడిన వాళ్ల శరీరాలకు చోటిచ్చి తాను పక్కకు జరిగింది.

1999లో వైమార్ నగరం యూరప్ సాంస్కృతిక రాజధానిగా పండగ చేసుకుంది. గేటే, షిల్లర్ నివసించిన ఊరు. దాని పక్క కొండమీదే బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం. అక్కడ సుమారు 56 వేల మంది చనిపోయారు. హార్న్ ఆ ఏడాది వైమార్‌లోని వాడకంలో లేని ట్రామ్ డిపోలో ‘బూఖెన్‌వాల్డ్ కోసం కచేరీ’ చేసింది. అద్దాల వెనక బూడిదతో పేర్చిన పొడవాటి గోడలు, వాద్యాల గుట్ట, పట్టాల మీద అటూ ఇటూ కదిలే బండి. 1944లో జర్మనీలో పుట్టిన తరం ఆమెది. యుద్ధం తర్వాత జర్మన్ మాట్లాడితే బయట జనం అసహ్యించుకునేవారని, అందుకే చిన్నప్పుడు తనకు బొమ్మలు గీయడం అన్నిటికంటే సౌకర్యమైన భాష అయ్యిందని ఆమె చెప్పింది. గీతకు దేశం ఉండదు కదా. అలా భాషను దాచుకుని పెరిగిన పిల్ల, యాభై అయిదేళ్ల వయసులో ఆ భాష చేసిన నేరం ఎదుట బూడిద గోడ కట్టింది. ఇది వ్యక్తిగతమా, చారిత్రకమా అని విడదీయడం నాకు చేతకాదు.

ఆ తర్వాత ఆమె మళ్లీ కాగితం దగ్గరికి వచ్చింది. రెండువేల తొలి దశకంలో ‘శరీర భూదృశ్యాలు’ అన్న పేరుతో పెద్ద చిత్రాలు వేసింది. ఆ కాగితాల కొలత ఆమె శరీరం కొలత. నిలబడితే ఎంత ఎత్తు, చేతులు చాపితే ఎంత వెడల్పు, అంత. అరవయ్యేళ్ల స్త్రీ తన చెయ్యి అందేంత మేరకు రంగు వేసింది. చెయ్యి అందని చోటుకు బొమ్మ వెళ్లదు. ముప్పై ఏళ్ల కిందట గోడల మధ్య కొలిచిన కొలతనే ఇప్పుడు కాగితం మీద కొలిచింది. చిత్రకారిణి, శిల్పి, ప్రదర్శకురాలు అని మనం మూడు పేర్లు పెట్టుకున్నాం కానీ ఆమె చేసింది మొదటి నుంచీ ఒకే పని. ఒక శరీరం ఎంతవరకు చేరుకోగలదు? ఆ తర్వాత ఏముంది?

తమ కుటుంబానికి చెందిన పాత బట్టల మిల్లు ఉన్న చోట, బాడ్ కోనిగ్‌లో, ఆమె మూన్‌టవర్ అన్న పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టింది. చివరికి ఆమె పనులు బట్టలు నేసిన చోటికే చేరాయి. 1989 నుంచి చాలా ఏళ్లు బెర్లిన్ కళా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది. 2012లో ఢిల్లీ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆమె ప్రదర్శన జరిగింది. అప్పుడు నేను హైదరాబాదులో ఎం.ఏ. చదువుతున్నాను, ఆమె పేరు కూడా వినలేదు. మన ఆర్ట్ కాలేజీ పిల్లలకు, మన తెలుగు శాఖల పిల్లలకు మధ్య ఒక గోడ ఉంది. అటువైపు వాళ్లు పాట చదవరు, ఇటువైపు మేం బొమ్మ చూడం. స్త్రీల పని మాత్రం ఈ విభాగాల్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ముగ్గు వేస్తూ పాడే ఆమెను ఏ శాఖలో చేర్చుకుంటాం?

ఇప్పుడు నేను పాఠం చెప్పే చోట బతుకమ్మ పాట వచ్చినప్పుడు బెంచీలు పక్కకు జరిపిస్తున్నాను. ముందు పాడి, తిరిగి, చప్పట్లు కొట్టాక పుస్తకం తెరుస్తాం. ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోమంటాను. మొన్న ఒకమ్మాయి, ఉబ్బసం ఉన్న పిల్ల, అందరికంటే ఎక్కువ గుర్తులు పెట్టుకొచ్చింది. ఆ గుర్తుల్ని వరసగా చూస్తే పాటకు కొత్త విరుపు ఒకటి కనబడింది. ఆ పిల్ల ఉబ్బసం ఆ విరుపును కనిపెట్టిందని నేను అనను. ఆ పిల్ల కనిపెట్టింది. ఆ పేజీ ఫొటో తీసి నా దగ్గర పెట్టుకున్నాను, తన పేరుతో సహా.